పునాది ఖర్చును తేల్చేది నేలే.. ముగ్గు పోసే ముందు గుంత తీసి చూడాలి

కొండగట్టు (మల్యాల):

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. గోడలకు, స్లాబుకు, తలుపులకు, రంగులకు ఎంత ఖర్చవుతుందో కొలతలు చేతిలో ఉంటే ముందే లెక్క కట్టవచ్చు. నేల కింద ఏముందో తెలుసుకోకుండా వేసిన పునాది లెక్క మాత్రం తవ్వకం మొదలైన రోజే తప్పిపోతుంది. రెండడుగులకే రాయి తగలవచ్చు. ఎనిమిది అడుగులు తవ్వినా గట్టి నేల రాకపోవచ్చు. ఊట నీరు ఉబికి రావచ్చు. అప్పటికే ముహూర్తం దాటిపోయి ఉంటుంది, కూలీలు పనిలో ఉంటారు. వెనక్కి తగ్గే వీలుండదు కనుక ఆ సమయంలో మేస్త్రీ ఏది చెబితే అదే ఖర్చు.

ఈ సమస్య నిరుపేదలకు మరింత భారం. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ప్రభుత్వం రూ.5 లక్షల సాయాన్ని విడతల వారీగా ఇస్తుంది. అందులో మొదటి విడత రూ.లక్ష బేస్‌మెంట్ పూర్తయిన తర్వాతే లబ్ధిదారుని ఖాతాలో పడుతుంది. అంటే పునాది మొత్తం సొంత డబ్బుతోనో, చేబదులుతోనో లేపాలి. అక్కడ అంచనా తప్పితే ఇల్లు మొలకదశలోనే ఆగిపోతుంది. అందుకే స్థలం చదును నుంచి బేస్‌మెంట్ వరకు అయ్యే ఖర్చును ముందుగా ఎలా అంచనా వేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాం. సిమెంటు, ఇనుము, కూలి ధరలు ఊరినిబట్టి, నెలనుబట్టి మారుతాయి కనుక ధరలు కాక పరిమాణాలు ఇస్తున్నాం. వాటిని మీ ఊరి ధరలతో గుణిస్తే మీ లెక్క వస్తుంది.

ఒకే ఊరిలో మూడు రకాల నేలలు

జగిత్యాల జిల్లా మల్యాల మండలం ముత్యంపేట పరిధిలోని కొండగట్టు అంజన్న గుట్ట చుట్టూ ఉన్న పల్లెల్లోనూ, పూర్వపు కరీంనగర్ జిల్లాలోని చాలా గ్రామాల్లోనూ నేల అడుగడుగునా మారుతుంది. ఈ ప్రాంతపు అడుగున ఉన్నది ప్రధానంగా గ్రానైటు జాతి శిల. ఆ శిల యుగాల తరబడి శిథిలమై మొరంగా, దానిపైన ఎర్ర చెల్కగా మారింది. గుట్టల అంచుల్లో మట్టిపొర పలుచగా ఉండి రాయి త్వరగా తగులుతుంది. మిట్ట మీది చెల్క కింద మొరం దొరుకుతుంది. పల్లంలో, చెరువుల కింద నల్లరేగడి లేదా ఒండ్రు పేరుకుని ఉంటుంది.

గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళితే పరిస్థితి మరింత వేరు. అక్కడ దక్కను నల్లరాతి పొరల మీద ఏర్పడిన రేగడి విస్తారంగా ఉంది. కాబట్టి బంధువులు ఆదిలాబాద్‌లో కట్టిన ఇంటి లెక్క కొండగట్టులో పనికిరాదు. పై వాడలో కట్టిన ఇంటి లెక్క కూడా చెరువు దిక్కున్న కింది వాడకు పనికిరాదు.

ఇంజినీర్లు ప్రాథమిక అంచనాకు వాడే పట్టికలను చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. పగుళ్లు లేని గట్టి శిల చదరపు మీటరుకు 330 టన్నుల భారాన్ని మోయగలదు. గట్టిపడిన గులకనేల 45 టన్నులు మోస్తుంది. మెత్తని బంకమట్టి 10 టన్నులకు మించి మోయదు. మరీ మెత్తనిదైతే 5 టన్నులే. ఇల్లు ఒకటే అయినా, అది నిలబడే పాదం ఎంత వెడల్పుండాలో నిర్ణయించేది ఈ అంకెలే.

ముందు కాగితాలు, తర్వాత గడ్డపార

తవ్వకానికి ముందు స్థలం శిఖం భూమి కాదని, చెరువు పూర్తిస్థాయి నీటిమట్టం పరిధిలో లేదని రెవెన్యూ, నీటిపారుదల శాఖల వద్ద నిర్ధారించుకోవాలి. 2012 నాటి భవన నిర్మాణ నియమావళి ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. నియమం మాట అలా ఉంచితే, అక్కడ నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కనుక పునాది ఖర్చు కూడా ఎక్కువే.

సాగుభూమిని ప్లాట్లుగా మార్చిన చోట వ్యవసాయేతర భూమిగా మార్పిడి జరిగిందో లేదో చూసుకోవాలి. గ్రామాల్లో పంచాయతీ నుంచి, పట్టణాల్లో మున్సిపాలిటీ నుంచి అనుమతి తీసుకున్నాకే ముగ్గు పోయాలి. హద్దురాళ్లను సర్వేయరు చేత కొలిపించుకోవడం మంచిది. పక్కవారి జాగాలోకి అరడుగు జరిగిన పునాదిని తీసి మళ్లీ వేయడంకన్నా సర్వే రుసుము ఎన్నో రెట్లు తక్కువ.

ఒక్క గుంతతో తేలే విషయం

స్థలం కొనే ముందు, లేదా కనీసం మేస్త్రీతో గుత్త మాట్లాడే ముందు, ఎదురెదురు మూలల్లో రెండు గుంతలు తీయించాలి. మూడడుగుల చదరం, ఆరేడు అడుగుల లోతు సరిపోతుంది. ఇద్దరు కూలీలకు ఒకటి రెండు రోజుల పని. జేసీబీ ఎలాగూ వచ్చి ఉంటే గంటలోపే ముగుస్తుంది.

గుంతలో నాలుగు విషయాలు చూడాలి. మొదటిది, పొరలు ఎక్కడెక్కడ మారుతున్నాయి. రెండోది, గాజు పెంకులు, ప్లాస్టిక్ సంచులు, ఇటుక ముక్కలు కనిపిస్తున్నాయా. కనిపిస్తే అది పోసిన మట్టి, సహజ నేల కాదు. ఎంత లోతుకు అవి కనిపిస్తాయో అంతకంటే కిందికి పునాది వెళ్లాలి. మూడోది, నీరు ఊరుతోందా. శ్రీరామసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ నీటితో వరి సాగయ్యే చోట వేసవిలో పొడిగా ఉన్న గుంత కాలువ పారే రోజుల్లో నిండవచ్చు. పక్క బావిలో నీటిమట్టం ఏ నెలలో ఎంత ఉంటుందో ఇరుగుపొరుగును అడగాలి. నాలుగోది, రెండు గుంతల్లోనూ ఒకే రకం నేల ఉందా. తేడా ఉంటే ఇంజినీరును తప్పక సంప్రదించాలి.

రేగడి అనుమానం ఉంటే పిడికెడు మట్టిని ప్రయోగశాలకు పంపవచ్చు. సివిల్ విభాగం ఉన్న ఇంజినీరింగ్ కళాశాలల్లో, ప్రైవేటు ల్యాబ్‌లలో ఈ పరీక్షలు చేస్తారు. పరీక్ష సులువైనదే. జల్లించిన పొడిమట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాల్లో వేసి, ఒకదానిలో నీరు, మరొకదానిలో కిరోసిన్ పోసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. ఆ తేడాను శాతంగా లెక్కిస్తారు. అది 50 శాతం దాటితే మామూలు పునాది పద్ధతిని నమ్మరాదు.

చవక స్థలంలో దాగిన ఖర్చు

రోడ్డుకంటే పల్లంగా ఉన్న ప్లాటు గజానికి కొంత తక్కువకు వస్తుంది. కానీ లెక్క అక్కడితో ముగియదు. 200 గజాల ప్లాటు అంటే 1,800 చదరపు అడుగులు. దానిని ఒక్క అడుగు ఎత్తు లేపాలంటే 1,800 ఘనపుటడుగుల మొరం కావాలి. నీళ్లు పోసి దిమ్మిసతో కొడితే మొరం కుంగుతుంది కనుక నాలుగో వంతు అదనంగా తేవాలి. అంటే సుమారు 2,250 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రాలీకి వంద ఘనపుటడుగులు పడతాయనుకుంటే 22 లేక 23 ట్రిప్పులు. మూడడుగులు పల్లమైతే 67 ట్రిప్పులకు పైగా అవుతాయి. ట్రిప్పు ధరతో గుణించి చూసుకుంటే ప్లాటు నిజంగా చవకో కాదో తేలిపోతుంది.

నింపడంలోనూ పద్ధతి ఉంది. ఒకేసారి కుప్పగా పోసి పైపైన చదును చేస్తే రెండు వర్షాకాలాలకే కుంగి గచ్చు పగులుతుంది. ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి, దిమ్మిసతో గానీ యంత్రంతో గానీ గట్టిపరచాలి. చెరువు పూడికమట్టి పొలానికి బలమే గాని ఇంటికి పనికిరాదు. రామగుండం విద్యుత్ కేంద్రం బూడిద ఇటుకల తయారీకి బాగుంటుంది. వదులుగా పోసిన బూడిద మీద పునాది పాదం ఉంచడం మాత్రం ప్రమాదం. ఎంత గట్టిగా నింపినా ఆ నింపుడు మీద కాక, దాని కింద ఉన్న సహజ నేల మీదే పాదాలు నిలవాలి.

600 చదరపు అడుగుల ఇంటికి లెక్క ఇలా..

30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, తొమ్మిది పిల్లర్లు, నేలమట్టం నుంచి రెండడుగుల బేస్‌మెంట్ ఎత్తు ఉన్న ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం.

ఐదడుగుల లోతులో గట్టి మొరం దొరికితే..
* తవ్వకం: నాలుగడుగుల చదరం, ఐదడుగుల లోతు చొప్పున తొమ్మిది గుంతలు, 720 ఘనపుటడుగులు.
* అడుగున నాలుగంగుళాల బెడ్ కాంక్రీట్: 48 ఘనపుటడుగులు, సుమారు 5 బస్తాల సిమెంటు.
* ఇనుముతో కూడిన కాంక్రీట్: మూడున్నర అడుగుల చదరం, అడుగు మందం ఉన్న పాదాలకు 110, పిల్లర్ల మొదళ్లకు 32, ప్లింత్ బీములకు 112, మొత్తం 254 ఘనపుటడుగులు. ఎం-20 రకానికి సుమారు 58 బస్తాల సిమెంటు, 6 నుంచి 8 క్వింటాళ్ల ఇనుము.
* బీముల కింద రాతి కట్టడం: 15 అంగుళాల వెడల్పు, రెండడుగుల ఎత్తు, 375 ఘనపుటడుగులు. దీనికి సిమెంటు, ఇసుక వేరు.
* గదుల లోపల మొరం: సుమారు 10 ట్రాక్టర్లు.

అదే ఇల్లు మెత్తని నేల మీద పడి, ఎనిమిది అడుగులు వెళ్లవలసి వచ్చి, పాదాలు ఐదడుగుల చదరం కావలసి వస్తే..
* తవ్వకం: 2,178 ఘనపుటడుగులు. మొదటిదానికి మూడు రెట్లు.
* బెడ్ కాంక్రీట్: 91 ఘనపుటడుగులు, 9 బస్తాలు.
* ఇనుముతో కూడిన కాంక్రీట్: పాదాల మందం 15 అంగుళాలకు పెరుగుతుంది కనుక మొత్తం 443 ఘనపుటడుగులు, సుమారు 100 బస్తాలు. ఇనుము కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

పైన కనిపించే ఇంటిలో ఒక్క ఇటుక కూడా మారలేదు. నేల మారినందుకే సిమెంటు 63 బస్తాల నుంచి 109కి చేరింది. సాధారణ నేలలో పునాది, బేస్‌మెంట్ కలిపి మొత్తం నిర్మాణ వ్యయంలో 10 నుంచి 15 శాతం అవుతుందని చెప్పుకునే వాడుక లెక్క ఇలాంటి చోట నిలవదు. ఇవి అంచనా కోసం ఇచ్చిన కొలతలు మాత్రమే. పాదం కొలత, ఇనుము మందం మీ నేలనుబట్టి, ఇంటి అంతస్తులనుబట్టి ఇంజినీరు నిర్ణయించాలి. భవిష్యత్తులో పైఅంతస్తు వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పాలి. తర్వాత పాదాన్ని వెడల్పు చేయడం దాదాపు అసాధ్యం.

రేగడిలో కట్టేవారికి..

రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఈ కదలిక పైనుంచి సుమారు మూడున్నర మీటర్ల లోతు వరకు ఉండవచ్చు. పునాది ఆ పొరలోనే ఆగితే ఏటా ఇల్లు కొద్దిగా లేస్తుంది, కొద్దిగా దిగుతుంది. తలుపులు బిగుసుకోవడం, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు రావడం దీని గుర్తులు.

రేగడి పొర పలుచగా ఉంటే దానిని పూర్తిగా తీసి కింది మొరం మీద పాదం వేయడమే మేలు. లోతుగా ఉంటే ఉబ్బని మొరంమట్టితో మందమైన పరుపు వేసి దానిపై పాదం వేస్తారు. లేదా అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైళ్లు దింపుతారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల కోసమే అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. పైళ్ల మీద వేసే బీము కింద మూడంగుళాల ఖాళీ వదలాలి. లేదంటే ఉబ్బిన మట్టి బీమునే పైకి నెడుతుంది. ఇంటి చుట్టూ వాలుగా గచ్చు వేసి వాననీరు గోడ మొదట్లో నిలవకుండా చూడాలి. ఇంకుడుగుంత, మరుగుదొడ్డి గుంత పునాదికి దూరంగా ఉండాలి. గోడ పక్కన పెద్ద చెట్లు పెంచరాదు.

రాయి తగిలితే..

గుట్ట అంచున రాయి తగలడం అదృష్టమనే అనుకోవాలి. కాని ఆ రాయి పరచుకున్న బండా, ఒంటరి గుండా అన్నది తేల్చుకోవాలి. గుండు చుట్టూ తవ్వి చూస్తే కొస తెలుస్తుంది. ఇంటికి ఒక కాలు గుండు మీద, మరో కాలు మట్టి మీద ఉంటే మట్టి వైపు కుంగి మధ్యలో గోడ చీలుతుంది. గుండును తొలగించాలి, లేదా అన్ని పాదాలనూ ఒకే రకమైన గట్టి పొర మీదికి చేర్చాలి. పరచుకున్న బండ అయితే పైభాగాన్ని గరుకు చేసి, రంధ్రాలు వేసి, ఇనుప కడ్డీలు దిగ్గొట్టి పాదాన్ని కట్టుకోవాలి. లోతు తవ్వకం మిగులుతుంది గాని బ్రేకరు యంత్రానికి గంటల లెక్కన ఖర్చవుతుంది. అనుమతి లేకుండా తూటాలు పేల్చడం నేరం, ప్రాణాపాయం కూడా.

రాయి లేని చోట కూడా భారతీయ ప్రమాణాల ప్రకారం పునాది కనీసం 50 సెంటీమీటర్ల లోతున ఉండాలి. చెల్క పైపొర మీద అడుగు లోతు గీసి కట్టిన గోడలు మొదటి పెద్ద వానకే బయటపడతాయి.

పొదుపు చేయరాని చోట్లు

2022 జులై గోదావరి వరదల్లో మంథని, మంచిర్యాల కాలనీల్లో ఇళ్లలోకి నీరు చేరింది. వాగుకు, చెరువుకు దగ్గరగా కట్టేవారు ఊరి పెద్దలు చూసిన అత్యధిక నీటిమట్టం అడిగి తెలుసుకుని బేస్‌మెంట్ ఎత్తును దానికంటే పైకి ఉంచాలి. రోడ్డు ఏటేటా ఎత్తు పెరుగుతుందన్న విషయాన్నీ మరవరాదు.

ప్లింత్ బీమును దండగ అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో భూకంపాలు వచ్చాయి. ములుగు భూకంప తీవ్రత 5.3. ఆ ప్రకంపనలు తెలంగాణలో చాలాచోట్ల తెలిశాయి. పిల్లర్లన్నింటినీ ఒక్కటిగా కట్టి ఉంచేది ఆ బీమే. నేల కొద్దిగా కుంగినా గోడను కాపాడేదీ అదే.

పాదంలోని ఇనుము మట్టిని తాకరాదు. చుట్టూ 50 మిల్లీమీటర్ల కాంక్రీట్ కప్పు ఉండేలా కవర్ దిమ్మెలు పెట్టాలి. ఇటుక ముక్కలు, కంకర రాళ్లు ఆ పనికి సరిపోవు. పోసిన కాంక్రీటును కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటు అయితే లేదా ఎండలు మండే రోజుల్లో అయితే కనీసం పది రోజులు తడపాలి. చెద మందు, చెమ్మ పైకి ఎక్కకుండా వేసే పొర ఈ దశలోనే పూర్తికావాలి. ఐదడుగులు దాటిన గుంతలో పనిచేసేటప్పుడు తవ్విన మట్టిని అంచున పోయరాదు. మెత్తని నేలలో పక్కలకు ఆధారం లేకుండా మనిషిని దింపరాదు.

ముహూర్తం, వాన, ఒప్పందం

ఆషాఢం, మూఢం దాటాలని ఆగితే శ్రావణంలో ముహూర్తం దొరుకుతుంది. అప్పటికి వానలు ముమ్మరంగా ఉంటాయి. శంకుస్థాపన పూజ ఆ రోజున చేసుకున్నా తవ్వకాన్ని తెరిపి చూసి మొదలుపెట్టడం మంచిది. మాఘ, ఫాల్గుణాలు తవ్వకానికి అనువైనవి. ఎప్పుడు తవ్వినా గుంతలను రోజుల తరబడి తెరిచి ఉంచరాదు. అడుగు నానితే ఆ మెత్తబడిన మట్టిని తీసివేసి బెడ్ కాంక్రీట్ వేయాలి. మట్టి తిరిగి పోసి సరిపెట్టరాదు.

మేస్త్రీతో గుత్త మాట్లాడేటప్పుడు ‘పునాది మొత్తానికి ఇంత’ అని తేల్చుకుంటే తర్వాత తగవు తప్పదు. అనుకున్న లోతు ఎంత, అంతకు మించితే అడుగుకు అదనపు రేటు ఎంత, రాయి తగిలితే యంత్రం ఖర్చు ఎవరిది, ఊట నీరు తోడే మోటారు ఎవరు తేవాలి, మిగిలిన మట్టి ఎవరు ఎత్తాలి అన్నవి కాగితం మీద రాసుకోవాలి. ప్రతి గుంతనూ కాంక్రీట్ పోసే ముందు కొలిచి, ఇనుము కట్టిన తర్వాత ఫొటో తీసి ఉంచుకోవాలి. ఒకసారి మట్టి కప్పితే అడిగేందుకు ఆధారం మిగలదు.

చేతిలో ఉన్న మొత్తంలో కొంత భాగాన్ని ఊహించని లోతు కోసం విడిగా ఉంచుకుని పని మొదలుపెట్టాలి. గుంత తీసి చూసినవారికి ఆ భాగం తక్కువగా సరిపోతుంది. చూడనివారికి ఎంత ఉంచుకోవాలో ఎవరూ చెప్పలేరు.